రెడ్‌మండ్‌లో ఆకాశ రహదారులు

రెడ్‌మండ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి మూడు: మైక్రోసాఫ్ట్, వాన, ఇళ్ళ ధరలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం చూపించేదీ దాదాపు అంతే. మైక్రోసాఫ్ట్ బోర్డు ముందు ఒక ఫోటో, సమామిష్ నది ఒడ్డున కాసేపు నడక, మేరీమూర్ పార్కులో క్రికెట్, ఎండ కాస్తే దూరంగా మౌంట్ రెయినియర్ దర్శనం. ఆ తర్వాత కారు సియాటిల్ వైపు తిరిగిపోతుంది. పదిహేనేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ, వచ్చిన ప్రతి చుట్టానికీ ఇదే టూరు వేయించిన నేను ఈ మధ్య రూటు మార్చాను. ఇప్పుడు మా టూరు విల్లోస్ రోడ్డులో మొదలవుతుంది. అక్కడ చూడటానికేమీ ఉండదని ముందే చెప్పేస్తాను. గేట్లు, పార్కింగ్ లాట్లు, ఫర్ చెట్లు, అంతే. చెప్పుకోవడానికి మాత్రం చాలా ఉంది.

రూటు మారడానికి కారణం ఆరో తరగతి చదివే మా అమ్మాయి. కంప్యూటర్లో మ్యాపు తెరిచి, హైదరాబాదులో వాళ్ళ అమ్మమ్మగారి అపార్ట్‌మెంట్ మీద నీళ్ళ ట్యాంకులు లెక్కపెడుతూ ఒక ప్రశ్న వేసింది. "నాన్నా, శాటిలైట్ ఫోటో తీస్తుంది సరే. అది కిందికెలా వస్తుంది? పైన వైఫై ఉండదుగా!"

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, ఇరవై ఏళ్ళుగా డేటాని ఇక్కణ్ణించి అక్కడికి తరలించడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి. ఇంతకంటే మంచి ప్రశ్న నన్ను ఏ క్లయింటూ అడగలేదు.

నిజానికి చాలాకాలం ఫోటో ఫోటోలాగే కిందికొచ్చేది. 1998 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వారు టెర్రాసర్వర్ అనే సైటు పెట్టారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఇంటర్నెట్‌లో సామాన్యుడికి పై నుంచి భూమిని చూపించిన తొలి పెద్ద ప్రయత్నాల్లో అదొకటి. అందులో అమెరికా భూవిజ్ఞాన సర్వే వారి విమాన ఫోటోలతో బాటు రష్యా ఉపగ్రహాలు తీసిన ఫోటోలు కూడా ఉండేవి. తమాషా ఏమిటంటే, ఆ రష్యా ఉపగ్రహాల్లో ఉన్నది ఫిల్ము కెమెరా! రీలు నిండాక ఫిల్ము నేలమీదికి దిగాలి, దాన్ని కడగాలి, స్కాన్ చెయ్యాలి, ఆ తర్వాతే కంప్యూటర్లోకి. మ్యాపులకి ఇది సరిపోవచ్చు. బంగాళాఖాతంలో తుఫాను తిరుగుతుంటే ఫిల్ము దిగేదాకా ఎవరాగుతారు?

అందుకే రేడియో. మన చిన్నప్పుడు రేడియో ముల్లు తిప్పితే మీడియం వేవ్‌లో విజయవాడ ఒకచోట, హైదరాబాదు ఇంకోచోట దొరికేవి కదా, ఉపగ్రహాలకీ అలాగే చోట్లున్నాయి. ఎవరికి ఏ చోటన్నది జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం నిర్ణయిస్తుంది. భూమిని పరిశీలించే ఉపగ్రహాలు డేటా దింపడానికి ముఖ్యంగా మూడు దారులు వాడతాయి. ఎస్ బ్యాండు 2200 నుంచి 2290 మెగాహెర్ట్‌జ్ దాకా, అంటే వెడల్పు 90. ఎక్స్ బ్యాండు 8025 నుంచి 8400 దాకా, వెడల్పు 375. కేఏ బ్యాండు 25,500 నుంచి 27,000 దాకా, వెడల్పు 1500. (ఈ అక్షరాలకి అర్థం వెతక్కండి. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ల వాళ్ళు శత్రువుకి అర్థం కాకూడదని పెట్టుకున్న గుర్తుల్లోంచి వచ్చినవి.) మా అమ్మాయికి ఇలా చెప్పాను: మొదటిది మన పల్లెటూళ్ళో బండిబాట, రెండోది 520 హైవే, మూడోది 405. దారి వెడల్పయినకొద్దీ ఒకేసారి ఎక్కువ బళ్ళు పోతాయి. "405 మీద ఎప్పుడూ ట్రాఫిక్కే కదా నాన్నా" అంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

దారి లేకపోతే కెమెరా ఉండీ ఏం లాభం లేదని చెప్పడానికి ల్యాండ్‌శాట్-4 కథ ఒక్కటి చాలు. 1982లో పైకి వెళ్ళిన ఈ అమెరికా ఉపగ్రహంలో, సెకనుకి 84.9 మెగాబిట్ల చొప్పున ఎక్స్ బ్యాండులో డేటా పంపే కొత్త కెమెరా పెట్టారు. ఏడాది తిరక్కుండానే ఎక్స్ బ్యాండు ట్రాన్స్‌మిటర్లు రెండూ పోయాయి. కెమెరా నిక్షేపంలా ఉంది, ఫోటోలు దిగే దారే మూతపడింది. ఆ కెమెరా డేటాని ఇంకో ఉపగ్రహానికి అందించి, దాని ద్వారా కిందికి తెప్పించుకోవలసి వచ్చింది. 1984 మార్చిలో ల్యాండ్‌శాట్-5 వెళ్ళాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇక విల్లోస్ రోడ్డు. ఊరికి ఉత్తరాన, ఆ రోడ్డుకి దగ్గర్లో రాకెట్ రీసెర్చ్ అని ఒక కంపెనీ ఉండేది. తర్వాత ఏరోజెట్ అయింది, ఏరోజెట్ రాకెట్‌డైన్ అయింది, యాజమాన్యాలు చేతులు మారాయి. వాళ్ళు చేసేవి పెద్ద రాకెట్లు కావు, అంతరిక్షంలో నౌకని అటూ ఇటూ మెల్లగా తిప్పే చిన్న చిన్న థ్రస్టర్లు. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకలు రెండింటికీ అలాంటివి ఇక్కడివే. ముప్ఫై ఏడేళ్ళుగా వాడకుండా ఉంచిన నాలుగు థ్రస్టర్లని 2017 నవంబరులో వాయేజర్-1లో మళ్ళీ వెలిగిస్తే, నిన్ననే బిగించినట్టు పనిచేశాయి! ఇలాంటి థ్రస్టర్ల పని నౌక డిష్షుని భూమి వైపు తిప్పి ఉంచడం. అది కాస్త పక్కకి తిరిగితే మాట వినపడదు. ఆ మాట వచ్చేది 8420 మెగాహెర్ట్‌జ్ దగ్గర, అంటే మన ఫోటోలు దిగే ఎక్స్ బ్యాండు దారికి గోడ అవతల. 8400 దాటితే సుదూర అంతరిక్ష నౌకల వాటా. 2,400 కోట్ల కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి సెకనుకి 160 బిట్ల చొప్పున వచ్చే గొణుగుడు అది. మన తలమీద 700 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం అరిచినట్టు మాట్లాడుతుంది. ఆ అరుపు గోడ దాటి అటు వెళ్ళకుండా, భూపరిశీలన ఉపగ్రహాలు తమ ట్రాన్స్‌మిటర్లకి ఫిల్టర్లు పెట్టుకోవాలి. పక్కింట్లో పెద్దాయన నిద్రపోతున్నాడు, టీవీ తగ్గించండర్రా అన్నట్టు.

ఈ కథ చెబుతుంటే మా మామగారు కారు దిగి ఆ గేటు వైపు చాలాసేపు చూశారు. వారిది దివిసీమ. "1977 అన్నారా?" అని అడిగి, మనవరాలి తల నిమురుతూ అన్నారు. "అంత దూరం నుంచి మాట వినపడుతోందా అమ్మా! ఆ ఏడు నవంబరు 19న మాకు బందరు నుంచి మాట రాలేదు."

తుఫాను వస్తోందని అంతకుముందు విన్నారట. సముద్రమే లేచి ఐదు మీటర్ల పైన ఊళ్ళ మీదికొస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదట. ఆ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. అప్పటికి మన దేశంలో ఉపగ్రహాల డేటాని నేరుగా దింపుకునే పెద్ద కేంద్రం లేదు. హైదరాబాదులో 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, 1979లో షాద్‌నగర్ దగ్గర డిష్షు నిలబెట్టి ల్యాండ్‌శాట్ డేటా అందుకోవడం మొదలుపెట్టింది.

బెంగుళూరు హైవే మీద హైదరాబాదు నుంచి సుమారు అరవై కిలోమీటర్లు పోతే షాద్‌నగర్. మనలో చాలామంది కర్నూలు, అనంతపురం, తిరుపతి వెళ్తూ ఎన్నిసార్లు దాటి ఉంటామో! అక్కడ డిష్షులు ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు మెల్లగా తిరుగుతుంటాయి. నిజంగానే వెతుకుతాయి. సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోయే ఉపగ్రహం ఒక దిక్కున పొడిచి ఇంకో దిక్కున అస్తమించడానికి పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. దింపుకునేదంతా ఆ కాస్త వ్యవధిలోనే.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు పెన్సిల్ తీయండి. 1988 మార్చి 17న బైకనూరు నుంచి వెళ్ళిన ఐఆర్ఎస్ శ్రేణిలో మన మొదటి ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ, ఎస్ బ్యాండులో 5.2 మెగాబిట్లు, ఎక్స్ బ్యాండులో 20.8 మెగాబిట్లు, మొత్తం సెకనుకి 26 మెగాబిట్లు దింపేది. పది నిమిషాలకి దాదాపు రెండు గిగాబైట్లు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్ళిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలకీ చెరో 105 మెగాబిట్లు, అదే పది నిమిషాలకి పదిహేను గిగాబైట్లు దాటింది. 2025 జూలై 30న, అదీ శ్రీహరికోట నుంచే, వెళ్ళిన నైసార్‌ని నాసా, ఇస్రో కలిసి చేశాయి. అది కేఏ బ్యాండులో నాసా కేంద్రాలకి సెకనుకి 3.5 గిగాబిట్లు పంపగలదు. పది నిమిషాలకి 260 గిగాబైట్లు! బండిబాట నుంచి ఆరు వరుసల రోడ్డు దాకా ముప్ఫై ఏడేళ్ళ ప్రయాణం. మేఘమున్నా చీకటైనా నేలని చూసే రాడార్లు రెండున్న ఉపగ్రహానికి ఇంత వెడల్పు లేకపోతే కుదరదు. అలాస్కాలోనూ, షాద్‌నగర్‌లోనూ దిగేది ఈ ఒక్క ఉపగ్రహం డేటాయే.

"అయితే అన్నిటికీ కేఏ బ్యాండే వాడొచ్చుగా" అంటారా? అక్కడే వాన వస్తుంది.

రెడ్‌మండ్‌లో ఏడాదికి సుమారు మీటరు వాన. హైదరాబాదు చుట్టుపక్కల అంతకంటే తక్కువే. కేఏ బ్యాండుకి రెడ్‌మండ్ అధ్వాన్నమని మీరనుకుంటే పొరపాటు. మన ఊరి వాన తుంపర. గంటకి రెండు మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. అలాంటి వానలో కేఏ బ్యాండు సంకేతం కిలోమీటరుకి మూడో వంతు డెసిబెల్ దాకా నష్టపోతుంది. మూడు కిలోమీటర్లు తడిసి వచ్చినా అయిదింట నాలుగు వంతులు మిగులుతుంది. మన తెలుగునేల మీద వాన అలా కాదు. జూలై సాయంత్రం ఉరుముతో మొదలై గంటకి యాభై మిల్లీమీటర్ల చొప్పున ఒక్క అరగంట దంచి పోతుంది. ఆ జోరులో కిలోమీటరుకి ఏడు డెసిబెల్స్ పోతాయి, మూడు కిలోమీటర్లకి ఇరవై పైన. పది డెసిబెల్స్ అంటే పదో వంతు, ఇరవై అంటే నూరో వంతు మిగిలిందని. అదే వానలో ఎక్స్ బ్యాండుకి కిలోమీటరుకి ఒక డెసిబెల్ పోతుంది, మూడు కిలోమీటర్లకి సంకేతం సగమవుతుంది. సగంతో నెట్టుకురావచ్చు, నూరో వంతుతో కష్టం. అందుకని కేఏ బ్యాండు ఉపగ్రహాలు డేటాని దాచిపెట్టుకుని, వాన లేని ఇంకో కేంద్రం మీదుగా వెళ్ళేటప్పుడు దింపుతాయి. తుఫాను రోజున ఆగకుండా కావలసిన డేటాకి ఎక్స్ బ్యాండూ, దానికంటే కింది బ్యాండులూ ఇంకా అవసరమే. నా మటుకు నాకు ఈ మూడిట్లో ఎక్స్ బ్యాండు మీదే గౌరవం ఎక్కువ. మరీ ఇరుకూ కాదు, వానకి మరీ బెదిరిపోయేదీ కాదు.

టూరులో తర్వాతి మజిలీ ఊరికి ఆగ్నేయ మూల. ప్లానెటరీ రిసోర్సెస్ అనే కంపెనీ అక్కడుండేది. గ్రహశకలాల్లో గనులు తవ్వుతామని బయలుదేరినవాళ్ళు! దానికి ముందుమెట్టుగా ఆర్కిడ్-6 అనే చిన్న ఉపగ్రహం చేశారు. పరారుణ కాంతిలో చూసే కెమెరా పెట్టి, ముందు భూమినే చూశారు. దాన్ని పైకి పంపింది ఎవరనుకున్నారు? మన పీఎస్ఎల్‌వీ. 2018 జనవరి 12 ఉదయం 9 గంటల 29 నిమిషాలకి, సంక్రాంతి ముందు, శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ40 కార్టోశాట్-2 శ్రేణి ఉపగ్రహంతో బాటు ఇంకో ముప్ఫై ఉపగ్రహాల్ని తీసుకుని లేచింది. రెడ్‌మండ్‌లో అప్పటికి 11వ తేదీ రాత్రి, ఎనిమిదికి ఒక్క నిమిషం తక్కువ. ఈ ఊరి ఉపగ్రహం నెల్లూరు పక్కనుంచి ఎగిరిందని మన తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆ ఏడాది చివర్లో కంపెనీని వేరే సంస్థ కొనేసింది, గనుల కల అక్కడితో ఆగింది.

2020లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఉపగ్రహాల డేటాని డిష్షు నుంచి నేరుగా డేటా సెంటర్లోకి దింపే సేవ ప్రకటించారు. తూర్పు వాషింగ్టన్‌లోని క్విన్సీలో డిష్షులు పెట్టారు. ఈశాన్యాన రెడ్‌మండ్ రిడ్జ్ దగ్గర స్పేస్ఎక్స్ వారి స్టార్‌లింక్ ఉపగ్రహాలు తయారవుతాయి. అమెజాన్ వాళ్ళు కైపర్ అనే పేరుతో మొదలుపెట్టిన ఉపగ్రహాల పనికీ రెడ్‌మండే కేంద్రమైంది. ఇవి భూమిని ఫోటోలు తీసేవి కావు, ఇంటర్నెట్ పంచేవి. వాటి బ్యాండులు వేరు. కాని వేల సంఖ్యలో ఉపగ్రహాలకి రేడియో జాగా కావాలి. ఇంటర్నెట్‌కి జాగా, సెల్‌ఫోనుకి జాగా, వాతావరణానికి జాగా. ఆకాశం పెద్దదే, రేడియో ముల్లు తిరిగే పలక చిన్నది. మా అమ్మాయి అన్న ట్రాఫిక్ ఇదే.

ఇప్పుడు అసలు చిక్కు. 2027 అక్టోబరులో షాంఘైలో ప్రపంచ రేడియో సమావేశం జరగబోతోంది. రాబోయే తరం సెల్‌ఫోన్లకి 7125 నుంచి 8400 మెగాహెర్ట్‌జ్ వరకూ ఇవ్వొచ్చా అన్నది అక్కడ చర్చకొచ్చే అంశాల్లో ఒకటి. అంకెలు మళ్ళీ చూడండి. 8025 నుంచి 8400 మన ఫోటోలు దిగే దారి, పూర్తిగా అందులోనే ఉంది. సెల్ టవర్ కిలోమీటరు దూరంలో ఉంటుంది, ఉపగ్రహం వందల కిలోమీటర్ల పైన ఉంటుంది. డిష్షు చెవిలో ఎవరి గొంతు పెద్దగా వినపడుతుందో చెప్పక్కర్లేదు. పెద్ద కేంద్రాల చుట్టూ ఇన్ని కిలోమీటర్ల వరకూ టవర్లు వద్దని గీత గియ్యొచ్చు. కాని గీత గీసినచోట ఊరు ఆగుతుందా? 1979లో షాద్‌నగర్ ఊరికి దూరం. 2008లో శంషాబాదులో విమానాశ్రయం వచ్చాక హైదరాబాదు అటే పాకుతోంది. యూనివర్సిటీల చిన్న డిష్షులకైతే గీత గీసే నాథుడు కూడా ఉండడు.

ఇలాంటి తగువు ఇదివరకొకటి జరిగింది. గాలిలోని నీటి ఆవిరి 23.8 గిగాహెర్ట్‌జ్ దగ్గర సహజంగానే సన్నటి రేడియో సంకేతం ఇస్తుంది. ఉపగ్రహాలు దాన్ని విని, తుఫాను ఎంత తేమ మోస్తోందో అంచనా కడతాయి. 24.25 నుంచి 5జీకి ఇస్తామనేసరికి శాస్త్రజ్ఞులు గగ్గోలు పెట్టారు. నీటి ఆవిరికి వేరే ఫ్రీక్వెన్సీ కేటాయించడం ఎవరి తరమూ కాదు కదా! 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సమావేశంలో రాజీ కుదిరింది. టవర్ల నుంచి పక్కకి ఒలికే సంకేతానికి ఒక హద్దు, 2027 సెప్టెంబరు 1 తర్వాత పెట్టేవాటికి ఇంకా గట్టి హద్దు. శాస్త్రజ్ఞులు అడిగినంత ఇవ్వలేదు, ఫోన్లవాళ్ళు అడిగినంతా ఇవ్వలేదు.

నేను సెల్‌ఫోన్లకి వ్యతిరేకిని కాను. నా జీతం వచ్చేదీ ఆ డేటా పుణ్యమాని. అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడినప్పుడు లక్షలమందిని ముందే తరలించారు, పోయినవారి సంఖ్య పదుల్లో ఆగింది. 1977కీ 2014కీ మధ్య మారినవాటిలో తుఫాను షెల్టర్లు, రోడ్లు, ఫోన్లు చాలా ఉన్నాయి. పై నుంచి దిగే డేటా కూడా అందులో ఒకటి. దాన్ని దింపే దారికి వేలం పాటలో ధర పలకదు, అందుకే దాని తరఫున మాట్లాడేవాళ్ళు తక్కువ. షాంఘైలో ఓటు దేశాలది, మనది కాదు. కాని ఇక్కడ ఎఫ్‌సీసీ ఏ బ్యాండు మీద నిర్ణయం తీసుకోబోయినా మామూలు జనం కూడా అభిప్రాయం రాసి పంపొచ్చు. మన ఇళ్ళల్లో ఇంజనీర్లకి కొదవా?

చివరిగా పిల్లలకి ఒక పని. ఎక్స్ బ్యాండు అందుకోవడానికి తిరిగే డిష్షు కావాలి గాని, 137 మెగాహెర్ట్‌జ్ దగ్గర వాతావరణ ఫోటోలు పంపే ఉపగ్రహాలకి అంత హంగామా అక్కర్లేదు. అమెరికా వారి పాత నోవా ఉపగ్రహాలు ఈ పద్ధతిలో పంపేవి. ఆఖరి మూడూ 2025లో రిటైరయ్యాయి. రష్యా వారి మెటియోర్-ఎం ఉపగ్రహాలు ఇంకా పంపుతున్నాయి. ముప్ఫై, నలభై డాలర్లలో దొరికే యూఎస్‌బీ రేడియో రిసీవర్ ఒకటి, లాప్‌టాప్, శాట్‌డంప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. యాంటెనాకి 53 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు తీసుకుని, వాటి మధ్య 120 డిగ్రీల కోణం ఉండేలా 'వీ' ఆకారంలో అడ్డంగా పెట్టండి. 'వీ' నోరు ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. వినడానికి లైసెన్సు అక్కర్లేదు. చుట్టూ చెట్లు, మేడలు లేని చోటు కావాలి, మేరీమూర్ పార్కు మైదానం బాగా పనికొస్తుంది. ఉపగ్రహం ఎప్పుడొస్తుందో ముందురోజే చూసుకుని పది నిమిషాల ముందే అక్కడుండండి. ఉత్తరం నుంచి దిగే పాస్ అయితే ముందు కెనడా కొండలు, తర్వాత ప్యూజెట్ సౌండ్, ఆపైన ఒరెగాన్ తీరం ఒక్కో గీతగా తెరమీద పరుచుకుంటాయి. మా అమ్మాయికి మొదటిసారి మేఘాలు తప్ప ఇంకేమీ రాలేదు. రెడ్‌మండ్ కదా!